ఆపా వెతికిన నాలుగో పేరు

మాఘమాసం వచ్చిందంటే ఖమ్మంలో గాలికి కూడా కారం అంటుకుంటుంది. మిర్చి బస్తాలతో మార్కెట్‌కు వెళ్లే లారీలు మా ల్యాబు ముందున్న రోడ్డు మీదుగానే పోతాయి. మొన్న ఉదయం అట్లాంటి లారీ ఒకటి సరిగ్గా మా గేటు ముందు ఆగిపోయింది. ఘాటు గుప్పున లోపలికి కొట్టింది. నా దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరమ్మాయిలు దగ్గుతూ పరుగున వెళ్లి కిటికీలు మూశారు. నాకు షమీమ్ ఆపా గుర్తొచ్చింది. నడుమెత్తు మిరప మొక్కల మధ్య, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఒక్కో సాలూ దాటుతూ, కాయలు ఏరుతున్న ఆడవాళ్ల ముఖాల్లోకి వంగి చూస్తూ నడిచిన ఆపా. ఆ ఎండలో ఆమె అట్లా తిరగాల్సి రావడానికి కారణం నేను. ఆ సంగతి నాకొక్కడికే తెలుసని చాలా ఏళ్లు అనుకున్నాను.

పన్నెండేళ్ల కిందట, మణుగూరు దాటి అడవి దారి పట్టాక వచ్చే ఒక ప్రభుత్వ దవాఖానాలో నాకు ల్యాబ్ టెక్నీషియన్‌గా కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. మాది మధిర. రైలు కూతలు, వరి పొలాలు తప్ప అడవి ఎట్లా ఉంటుందో తెలియని వాణ్ణి. గర్భిణులకు హెచ్ఐవీ పరీక్ష చేయడం నా పని. పరీక్షకు ముందు వాళ్లతో మాట్లాడటం, ఫలితం చెప్పడం, ఆ తర్వాత వాళ్ల చెయ్యి వదలకుండా వెంట ఉండటం కౌన్సిలర్ పని. ఆ కౌన్సిలరే షమీమ్ ఆపా. ఖమ్మంలో గాజుల దుకాణం నడిపే ఇంట్లో పుట్టింది. బొగ్గు గనిలో పనిచేసే ఆయన్ని పెళ్లాడి మణుగూరు కాలనీకి వచ్చింది. నేను చేరేనాటికి నలభై దాటిన మనిషి. మొదటి రోజు ‘మేడం’ అని పిలిచాను. “మేడం అంటే డాక్టరమ్మ. నేను నీకు ఆపాను, అక్కను. నువ్వు తమ్మివి. గంతే,” అంది. మా సెంటర్‌కు బాధ్యురాలు ఆమే అయినా, నాకంటే పెద్ద కుర్చీలో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

ఆపా మాట మొదలుపెట్టే తీరు నేను మరెక్కడా చూడలేదు. పన్నెండు మైళ్లు నడిచి, దారిలో వాగు దాటి, భయంభయంగా మా గదిలో అడ్డంగా కట్టిన తెర వెనక్కి వచ్చిన కోయ పిల్ల చెయ్యి పట్టుకుని, ముందు ఆమె గాజులు చూసేది. “ఎవరు తొడిగిన్రే గివి? వదులైనయి. నీ చేతికి రెండుంబావు సరిపోతది,” అనేది. ఆ పిల్ల నవ్వేది. ఆ తర్వాతే రక్తం మాట. వచ్చిన కొన్ని కోయ మాటలు కలిపి, వేళ్లతో సైగలు చేసి, తల్లి నుంచి బిడ్డకు ఆ జబ్బు ఎట్లా పోతుందో, పోకుండా ఎట్లా ఆపొచ్చో చెప్పేది. “గిది నీ ఒక్కదానికే కాదు బిడ్డా. కలెక్టర్ భార్య కడుపుతోని వచ్చినా చేస్తం.” ప్రతి ఒక్కరికీ ఇదే మాట, మొదటిసారి చెబుతున్నట్టే.

చేరిన కొత్తలో పరీక్ష పలక మీద రక్తపు చుక్క వేసి, గీత కనిపించేదాకా ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఒక గీత వస్తే లేనట్టు. రెండు వస్తే అనుమానం, మళ్లీ వేరే పరీక్షలు చేసి తేల్చుకోవాలి. వారాలు గడిచాయి. వందల చుక్కలు, వందల ఒంటిగీతలు. మెల్లగా నా ఊపిరి మామూలైపోయింది. ఒక గీత పడుతుండగానే తర్వాతి పేరు రాసుకోవడం అలవాటైంది. ఒకరోజు టీ తాగుతూ, “మన దిక్కు ఈ జబ్బు లేనట్టే ఉంది ఆపా. ఇంతమందికి చేశాను, ఒక్కటీ రాలేదు,” అన్నాను, ఏదో శుభవార్త చెబుతున్నట్టు. ఆమె గ్లాసు కింద పెట్టింది.

“తక్కువుంది. అవ్, శానా తక్కువుంది. గదే కష్టం తమ్మీ. ఎక్కువుంటే నీకే భయమైతది, జాగ్రత్తగుంటవ్. తక్కువున్న కాడనే చెయ్యి తేలికైతది. వచ్చే ఆ ఒక్కామె నేనే అని మొఖం మీద రాసుకొని రాదు. గందుకే అందరికీ చేస్తున్నం.”

సరే ఆపా అన్నాను. ఆ మాట నా చెవి దాటి లోపలికి పోలేదని ఇప్పుడు తెలుస్తోంది.

తర్వాత కొన్నాళ్లకు ఆ ఒక్కామె వచ్చింది. గని కాలనీ పక్క గుడిసెల్లో ఉండే ఇరవై ఏళ్ల పిల్ల. మూడు పరీక్షలూ ఒకే మాట చెప్పాయి. తెర ఇవతల నుంచి ఆపా గొంతు విన్నాను. ఆ పిల్ల ఏడుస్తూ, తను ఏ తప్పూ చేయలేదని మళ్లీమళ్లీ అంటోంది. “తప్పు ఎవ్వరిదని నేనడిగిన్నా? ఎట్ల వచ్చిందో నేనడుగ. రేపటి సంది ఏం చెయ్యాల్నో చెప్త, ఇను,” అంది ఆపా. ఆ పిల్ల రోజూ మాత్రలు వేసుకుంది. పుట్టిన బిడ్డకు ఆరు వారాలు మందు తాగించారు. ఆ తర్వాత చేసిన మొదటి పరీక్షలో బిడ్డకు జబ్బు లేదని తేలిన రోజు, ఆపా ఖమ్మం నుంచి తెచ్చిన నల్లగాజులు వాడి చేతులకు తొడిగింది. మూలకు తిరిగి కళ్లు తుడుచుకుంటుంటే నేను చూశాను. మా పని విలువ ఎంతో నా కళ్లారా చూసిన రోజు అది. అంత దగ్గర నుంచి చూసి కూడా నేను తప్పు చేశాను. ఈ బిడ్డకూ, నా తప్పుకు బలైన బిడ్డకూ మధ్య ఏడాదైనా తేడా లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మేం చేసే పరీక్ష కాక, ఆ రోజుల్లో ప్రభుత్వం ఒక లెక్క తీసేది. గర్భిణుల్లో ఈ జబ్బు ఎంతమందికి ఉందో తెలుసుకోవడానికి, వేరే పరీక్షల కోసం తీసిన రక్తంలో మిగిలినదాన్ని పేరు, ఊరు లేకుండా దూరంగా ఉన్న ల్యాబుకు పంపేవారు. ఫలానా దవాఖానాలో ఇందరికి ఉంది అని తెలుస్తుంది కాని, ఎవరికి ఉందో ఎవరికీ తెలియదు. తెలియకూడదనే ఆ ఏర్పాటు. ఆ మనిషికి ఫలితం చెప్పి మందులిచ్చే బాధ్యత మా పరీక్షది.

నేను చేరిన రెండో ఏడు, లెక్క జరుగుతున్న వానాకాలంలో ఒకరోజు, ముసురు పట్టింది. వాళ్లమ్మకు కంటి ఆపరేషన్ ఉండి ఆపా సెలవు పెట్టింది. తన పనీ, నా పనీ రెండూ నన్నే చూసుకోమంది. పొద్దున అందరి రక్తమూ తీశాను. వేరే పరీక్షలకు, లెక్కకు సర్దాను. మా పరీక్షకు ఒక్కొక్కరితో మాట్లాడి, చేసి, ఫలితం చెప్పాలి. మధ్యాహ్నానికి ఇంకా ఏడుగురు మిగిలారు. అదే రోజు మధిరలో నా స్నేహితుడి పెళ్లి. రెండు గంటల బస్సు పోతే రైలు అందదు. ఐస్ పెట్టె పక్కన పరీక్ష కిట్ల డబ్బా, మూత కూడా తీయనిది, ఉంది. నేను గుమ్మంలో నిలబడి, “కిట్లు అయిపోయినయి. వచ్చే వారం రండి,” అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు తడబడలేదు. ఏడు ఒంటిగీతలే కదా అనుకున్నాను. ఎందుకని వాళ్లు అడగలేదు. కొంగులు తలమీద కప్పుకుని వానలోకి వెళ్లిపోయారు. వాళ్లలో ఐదో నెల కడుపుతో ఉన్న ఒకామె, “ఎప్పుడు రావాలె సారూ?” అని రెండోసారి అడిగి, నేను చెప్పింది పెదాలతో వల్లె వేసుకుంటూ పోవడం నాకు గుర్తుంది.

రెండు రోజుల తర్వాత ఆపా రిజిస్టర్ చూసి, ఏడుగురికి పరీక్ష ఎందుకు కాలేదని అడిగింది. కిట్లు అయిపోయాయనీ, తర్వాత వేరే సెంటర్ నుంచి తెచ్చుకున్నాననీ చెప్పాను. “మరి ఆ ఏడుగురు?” అంది. ఆశాలకు చెప్పాను, వస్తారు అన్నాను. చెప్పింది ఒక్క ఆశా కార్యకర్తకే. మరుసటి వారం ముగ్గురు వచ్చారు. నలుగురు రాలేదు. ఆపా అడిగినప్పుడల్లా, కబురు పంపాను అనేవాణ్ణి. తర్వాత వాగులు పొంగాయి, జ్వరాల కాలం వచ్చింది, దవాఖానా అంతా మంచాల పక్కన మంచాలు. ఆ నాలుగు పేర్లు వెనకబడిపోయాయి.

చలికాలం చివర ఖమ్మంలో జరిగిన సమీక్షా సమావేశానికి ఆపా వెళ్లింది. అక్కడ ఒక అధికారి, లెక్కలో మా దవాఖానా నుంచి ముగ్గురికి జబ్బు ఉన్నట్టు తేలిందని మాటవరసకు చదివాడట. ఆ నెలల్లో మా పుస్తకంలో తేలింది ఇద్దరే. హాల్లో అందరూ తలూపి తర్వాతి విషయానికి పోతుంటే, ఆపా లేచి నిలబడింది. ఆ మూడో ఆమె మా పరీక్ష చేయించుకోకుండా వెనక్కి పోయినవాళ్లలో ఉంది, ఆ రోజు మాకు కిట్లు లేవు, ఇట్లా అయితే ఎట్లా సార్ అని అడిగింది. అధికారి స్టాక్ కాగితాలు తెప్పించాడు. ఆ రోజున మా దగ్గర నిండు డబ్బా ఉన్నట్టు నా చేతిరాతతో రాసి ఉంది. వేరే సెంటర్ నుంచి తెచ్చినట్టు ఎక్కడా లేదు. అంతమందిలో ఆమెను నిలబెట్టి, కిట్లు పెట్టుకుని గర్భిణులను తిప్పి పంపిన సెంటర్ అన్నారు. తాను ఆ రోజు సెలవులో ఉన్నట్టు ఆమె అనలేదు. నా పేరు ఎత్తలేదు. ఇదంతా అక్కడికి వెళ్లిన ఇంకో కౌన్సిలర్ నాకు తర్వాత చెప్పాడు.

మరునాడు ఆపా మామూలు వేళకే వచ్చింది. సంచి మేకుకు తగిలించి, నా బల్ల ముందు నిలబడింది.

“తమ్మీ, ముసురు పట్టిన ఆ రోజు... ఏమన్నా మర్చిపోయినవా? నాకు చెప్పేదేమన్నా ఉందా?”

“లేదాపా.”

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నేను తట్టుకునేవాణ్ణే. “సరే,” అంది. “నాలుగు పేర్లు తియ్యి. పోదాం.”

నాలుగు రోజులు తిరిగాం. నా మోటార్ సైకిల్ వెనక ఆమె, ఒళ్లో ఐస్ డబ్బా, కిట్లు. ఏ ఊళ్లోనూ జబ్బు పేరు ఎత్తలేదు. మాకు కావలసిన ఇంటికి నేరుగా పోలేదు. ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు అందరినీ కూర్చోబెట్టి అందరికీ రక్తపరీక్షలు చేయించింది. “ఒక్కామెకే చేస్తే రేపు ఊరంతా ఆమె మొఖమే చూస్తది,” అంది నాతో. మొదటి ముగ్గురూ దొరికారు. ముగ్గురికీ ఒంటిగీతే. ప్రతిసారీ నేను ఊపిరి వదిలాను. ప్రతిసారీ ఆపా ముఖం ఇంకా బిగుసుకుంది. మిగిలింది నాలుగో పేరు. ఆమెను ఇక్కడ జోగమ్మ అంటాను, అసలు పేరు అది కాదు. ఆమె గూడెంలో ఇంటికి గొళ్లెం పెట్టి ఉంది. మొగుడూ పెళ్లామూ మిర్చి ఏరడానికి పోయారని, ఏ ఊరో తెలియదని పక్కింటి ముసలమ్మ చెప్పింది.

ఆ తర్వాత పది రోజులు, మధ్యాహ్నం పని అయిపోగానే, మిరప తోటలున్న ఊళ్లు ఒక్కొక్కటే పట్టుకుని వెతికాం. ఘాటుకు ఆపా గొంతు పూడుకుపోయింది. ఇక దొరకదులే ఆపా అని నేను ఒకసారి అన్నాను. “నీకు ఆమె మొఖం గుర్తుందా?” అని మాత్రం అడిగింది. ఉంది అన్నాను. “అయితే ముందు నడువు.” పదో రోజు, ఒక తోట చివర చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాల కనిపించింది. ఉయ్యాల్లో రెండు నెలల ఆడపిల్ల. సన్నగా, ఏడ్చే ఓపిక కూడా లేకుండా. సాలులోంచి లేచి వచ్చిన తల్లిని నేను గుర్తుపట్టాను. ఆమె కూడా నన్ను గుర్తుపట్టింది. కంగారుగా, “వచ్చే వారం రమ్మన్నవు సారూ. వాగొచ్చింది. తర్వాత కాన్పైంది,” అంది, తనే తప్పు చేసినట్టు.

ఆ తోటలో ఉన్న తల్లులందరికీ పరీక్ష చేశాను. జోగమ్మ పలక మీద రెండో గీత పడుతుంటే చూశాను. అంత సన్నని గీత పడటానికి అంతసేపు పడుతుందని నాకు అంతకు ముందు తెలియదు. బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలు పెద్ద ల్యాబుకు పంపాం. కాగితం వచ్చేదాకా ఆపా రోజూ పోస్టు అడిగేది. బిడ్డకూ ఉందని వచ్చింది. ఆపా కాగితం మడిచి, నా బల్ల మీద పెట్టి, జోగమ్మతో మాట్లాడటానికి తెర వెనక్కి వెళ్లింది. అప్పుడైనా చెప్పాల్సింది. కాగితం తీసి ఫైల్లో పెట్టాను.

ఆ ఏడాది కాంట్రాక్టులు కొత్త చేసేటప్పుడు ఆపాకు మెమో ఇచ్చి, సత్తుపల్లి దిక్కు ఒక సెంటర్‌కు పంపారు. పదేళ్లు తిరిగి ఆమె సంపాదించుకున్న అడవి దారులు, కోయ మాటలు, ఏ గూడెంలో ఎవరి మాట చెల్లుతుందన్న ఎరుక, అవన్నీ ఇక్కడే ఉండిపోయాయి. ఆమె తర్వాత వచ్చిన కౌన్సిలర్ మంచివాడే. కాని చాలామంది తల్లులు తెర దాకా వచ్చి, ఆపా లేదని తెలిసి, ఏదో సాకు చెప్పి వెళ్లిపోయేవారు. నేను చేసిన నష్టం ఒక బిడ్డతో ఆగలేదు.

ఆరేళ్ల తర్వాత, ఆపా పని మానేసి ఖమ్మంలో పుట్టింట్లో ఉంటోందని తెలిసి వెళ్లాను. అప్పటికే షుగరు ముదిరి కాళ్లు వాచాయి. దుకాణం వెనక గదిలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. నేను చాయ్ తాగకుండానే మొత్తం చెప్పేశాను. డబ్బా, పెళ్లి, రెండు గంటల బస్సు, ఆశాలకు పంపని కబురు.

“నాకెరుకే తమ్మీ,” అంది. “స్టాక్ కాగితం మీద రాత నీదే కదా. గా మీటింగులనే సమజైంది.”

“మరెందుకు చెప్పలేదాపా? నా పేరు చెబితే మీకు మెమో వచ్చేదే కాదు.”

“నేను చెప్తే నీ నౌకరి పోతుండె, గంతే. నువ్వు చెప్తవని చూసిన. మిర్చి తోటల్ల తిరిగినన్ని రోజులు, బండి వెనక కూసొని, గిప్పుడు చెప్తడు, గిప్పుడు చెప్తడు అనుకున్న.” చల్లారుతున్న నా చాయ్ నా వైపు జరిపింది. “చెప్పనీకి ఆరేండ్లు జేసినవ్.”

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని క్షమించమన్నాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది కాని, క్షమించానని అనలేదు. “నన్నెందుకడుగుతున్నవ్? నాదేం పోయింది, సత్తుపల్లిల కూడ మనుషులే ఉన్నరు. అడగాల్సింది నన్ను కాదు.”

ఆ మాట పట్టుకుని, జోగమ్మ నెలనెలా మందులకు వచ్చే రోజు తెలుసుకుని, ఆమెకు మందులిచ్చే సెంటర్‌కు వెళ్లాను. వరండాలో తల్లీకూతుళ్లు ఉన్నారు. వయసుకు తగ్గ ఎత్తు లేదు కాని, ఆ పిల్ల కళ్లు చురుగ్గా ఉన్నాయి. ఆశ్రమ బడిలో చేర్చామని జోగమ్మ చెప్పింది. రోజూ మాత్ర వేసుకోవాలంటే ఎందుకమ్మా అని అడుగుతోందట, బలానికి అని చెబుతోందట. ఎంతకాలం అట్లా చెప్పగలనో అంది. నేను నోరు తెరిచేలోపే ఆమె కూతురి భుజం పట్టి ముందుకు తెచ్చి, “గీ సారు, ఆ తురక మేడం, ఊరూరు తిరిగి మనల్ని దేవులాడుకుంట వచ్చిన్రు. గీళ్లు రాకపోతే నువ్వు లేవు. దండం పెట్టు,” అంది.

పిల్ల రెండు చేతులూ జోడించింది. నేను ఆ పిల్ల తల నిమిరాను. బాగా చదువుకో అన్నాను. బస్సెక్కి వచ్చేశాను.

ఆపాకు ఫోన్ చేసి, చెప్పలేకపోయాను అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. “ఆమెకు తెలిస్తే దవాఖానా మీద నమ్మకం పోయి మందులు మానేస్తదని భయమా, నీ మీద గౌరవం పోతదని భయమా? గది తేల్చుకో ముందు,” అంది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పోయిన ఏడు చలికాలంలో ఆపా కన్నుమూసింది. నేను వెళ్లేసరికి మట్టి ఇచ్చి వచ్చేస్తున్నారు.

ఇప్పుడు కొత్తగా వచ్చే టెక్నీషియన్లకు పని నేర్పడం నా ఉద్యోగంలో భాగం. గర్భిణుల్లో ఈ జబ్బు ఇప్పుడు ఇంకా తగ్గిందని, చాలాచోట్ల ఏడాదికి ఒక్కటి కూడా రాదని వాళ్లకు పాఠంలో ఉంటుంది. అది నిజమే, సంతోషించాల్సిన నిజమే. ఆ పాఠం అయ్యాక వాళ్లకు నేను చేసింది చెబుతాను, ఎవరో చేసినట్టు కాదు, నేను చేశానని. కొందరు నన్ను చూసే తీరు ఆ రోజు నుంచి మారుతుంది. మారనిస్తాను. ముక్కూ మొహం తెలియని ఆ పిల్లల ముందు చెప్పగలుగుతున్న మాటను చెప్పాల్సిన ఒక్క మనిషికి ఇప్పటికీ చెప్పలేదు. ఆపా అడిగిన రెండు భయాల్లో ఏది నాదో నాకు తెలుసు. జోగమ్మ ఇప్పటికీ ప్రతి నెలా మందులకు వస్తోంది. తీసుకోకూడని దండం ఒకటి తీసుకుని, నేను ఇక్కడ ఖమ్మంలో ఉన్నాను.